తాత్కాలిక కార్మికులకు ఇ.ఎస్.ఐ. వర్తింపు

భారతదేశంలో ఉద్యోగుల రాజ్య బీమా (ఇ.ఎస్.ఐ.) పథకం క్రింద తాత్కాలిక, దినసరి, కాంట్రాక్టు కార్మికులకు, రోజుకు కొద్ది గంటలే పనిచేసేవారికి కూడా ఆరోగ్య బీమా కల్పించే బాధ్యత యజమానిదే. పర్మనెంటు ఉద్యోగులకు మాత్రమే ఇ.ఎస్.ఐ. ఉంటుందన్నది తరచుగా వినవచ్చే అపోహ. చట్టంలో అటువంటి షరతు లేదు.

నేపథ్యం

ఈ పథకానికి మూలం 1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం. పథకాన్ని 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో జవాహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించాడు. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి, 2020 అమలులోకి రావడంతో పాత చట్టం స్థానాన్ని ఆ స్మృతి ఆక్రమించింది. పథకం మాత్రం కొనసాగుతున్నది.

ఎవరికి వర్తిస్తుంది

పదిమంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలకు పథకం వర్తిస్తుంది. నెల వేతనం రూ. 21,000 మించనివారు (వికలాంగులైతే రూ. 25,000) దీని పరిధిలోకి వస్తారు. ఈ పరిమితి 2017 జనవరి 1న వచ్చింది. 2019 జూలై 1 నుండి చందా యజమానికి వేతనంలో 3.25 శాతం, కార్మికునికి 0.75 శాతం. అనగా రూ. 12,000 జీతానికి యజమాని రూ. 390, కార్మికుడు రూ. 90 చెల్లించాలి.

పనిగంటల ప్రస్తావన ఇందులో లేకపోవడం గమనార్హం. అమెరికాలో 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం ప్రకారం పెద్ద యజమానుల బాధ్యత వారానికి సగటున 30 గంటలు పనిచేసేవారి వరకే. ఇక్కడ పూటపని చేసే స్వీపరు కూడా ఉద్యోగియే.

వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులు, పత్తి జిన్నింగు మిల్లులు, చక్కెర కర్మాగారాల వంటి సీజనల్ కర్మాగారాలకు మినహాయింపు ఉన్నది. ఇటువంటివి తెలుగునాట అనేకం కనుక ఇది చిన్న మినహాయింపేమీ కాదు.

రాయల్ టాకీస్ కేసు

కాంట్రాక్టు కార్మికుల విషయంలో ముఖ్యమైన తీర్పు హైదరాబాదు నుండి వెళ్ళిన కేసులోనిదే. ఒక సినిమా హాలు తన క్యాంటీనును, సైకిల్ స్టాండును కాంట్రాక్టర్లకు అప్పగించింది. అక్కడివారు కాంట్రాక్టర్ల మనుషులే తప్ప తమ ఉద్యోగులు కారని యాజమాన్యం వాదించింది. సైకిల్ పెట్టుకోవడానికి చోటు, విరామంలో టీ లేకపోయినా సినిమా ఆడుతుంది కదా అన్నది అందులోని తర్కం. 1978లో సుప్రీంకోర్టు దీనిని త్రోసిపుచ్చింది. ఆ పనులు థియేటరు వ్యాపారానికి అనుబంధమైనవి, జరుగుతున్నది థియేటరు ఆవరణలోనే. కనుక ప్రధాన యజమానిదే బాధ్యత అని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు వ్రాశాడు. ప్రధాన యజమాని ముందుగా రెండు వాటాలూ చెల్లించి, తరువాత కాంట్రాక్టరు నుండి రాబట్టుకోవాలి. దినసరి కూలీలు కూడా ఉద్యోగులేనని 1986లో సౌత్ ఇండియా ఫ్లోర్ మిల్స్ కేసులో అదే కోర్టు తేల్చింది.

రోజుల లెక్క

పరిధిలోకి రావడం ఒక ఎత్తు, ప్రయోజనం పొందడం మరొక ఎత్తు. అనారోగ్య భత్యం (వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు) కావాలంటే ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా జమ కావాలి. రెండు నెలలకే పనిలో పెట్టుకొన్న వ్యక్తి జీతంలో చందా కోసినా ఈ లెక్క పూర్తికాదు. తాత్కాలిక కార్మికులకు పథకంలోని అసలు చిక్కు ఇదే. అయితే బీమా నంబరు ఒకటే ఉంటే, వేరువేరు యజమానుల వద్ద పనిచేసిన రోజులు కలుస్తాయి. అందుచేత పని మారినప్పుడల్లా కొత్త నంబరు తీసుకొనరాదు.

పనిలో గాయపడితే ఈ లెక్కలేవీ ఉండవు. చేరిన మొదటిరోజే ప్రమాదం జరిగినా వేతనంలో 90 శాతం భత్యం లభిస్తుంది. వైద్యం కూడా చేరిన నాటినుండే. యజమాని పేరు నమోదు చేయకపోయినా, చందా కట్టకపోయినా ఇ.ఎస్.ఐ. సంస్థ కార్మికునికి ప్రయోజనం చెల్లించి ఆ మొత్తాన్ని యజమాని నుండి వసూలు చేయవచ్చును.