తాళంచెవి నుంచి పాస్‌వర్డ్ దాకా

ఐబీఎం పీసీలకు తొలి తాళం ఇనుప తాళమే. 1984లో ఐబీఎం తెచ్చిన పీసీ ఏటీకి ముందు భాగంలోనే తాళంచెవి పెట్టే చోటు ఉండేది. తాళం వేస్తే కీబోర్డు పనిచేయదు. గడియారాన్నీ, సెట్టింగులనూ కాపాడే 64 బైట్ల మోటరోలా చిప్పు కూడా అందులోనే ఉండేది. కరెంటు లేనప్పుడు దాన్ని చిన్న బ్యాటరీ నిలబెట్టేది. 1987 నాటి పీఎస్/2 యంత్రాలతో, ఆన్ చేయగానే అడిగే పవర్-ఆన్ పాస్‌వర్డ్ వచ్చింది; దాన్నీ బ్యాటరీతో నిలిచే చిప్పులోనే దాచేవారు.

ఇక మన దగ్గర, 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ల ‘కార్డ్’ పథకంతో ఆంధ్రప్రదేశ్ సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు లాంటి ఊళ్లలో కంప్యూటర్ వాడకం పెరిగింది ఆ తర్వాతి ఏళ్లలోనే. ఆనాటి డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్ మరిచిపోతే మందు తేలిక: ప్లగ్గు పీకి, మూత విప్పి, మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీని కాసేపు తీసి ఉంచడం, లేదా పక్కనున్న జంపర్‌ను మార్చడం. చాలా బోర్డుల్లో దాంతో పాస్‌వర్డ్ చెరిగిపోయేది. తేదీ కూడా పోయేది, మళ్లీ దిద్దుకోవాల్సి వచ్చేది.

ల్యాప్‌టాప్ ఈ కిటుకుకు లొంగలేదు. దొంగలకు చిక్కే వస్తువు కనుక థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌ల వంటి వాటిలో, సెట్టింగులకు కాపలా కాసే సూపర్‌వైజర్ పాస్‌వర్డ్‌ను బ్యాటరీ అక్కర్లేని ఈఈప్రామ్ చిప్పులో దాచారు. అది సరైన నిర్ణయమే, కానీ అసలు యజమానికీ అదే అడ్డుగోడ అయింది. కొన్ని కంపెనీలు కొన్న రశీదు చూసి విడుదల సంకేతం ఇస్తాయి. థింక్‌ప్యాడ్ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పోతే మాత్రం కంపెనీ చెప్పే దారి మదర్‌బోర్డు మార్చడమే.