పటేల్ బ్రదర్స్

పటేల్ బ్రదర్స్ అమెరికాలో భారతీయ కిరాణా సరుకులు అమ్మే దుకాణ సంస్థలన్నిటిలోకీ పెద్దది. గుజరాత్‌లోని మెహసానా జిల్లా భాండు గ్రామం నుంచి వలస వెళ్లిన మఫత్ పటేల్, తులసి పటేల్ సోదరులు 1974 సెప్టెంబరులో షికాగోలోని డెవాన్ అవెన్యూలో తొలి దుకాణం తెరిచారు. ప్రస్తుతం 50కి పైగా దుకాణాలున్నాయి. సంస్థ నేటికీ కుటుంబం చేతిలోనే ఉంది. వాటాలు స్టాక్ మార్కెట్‌కు రాలేదు.

నేపథ్యం

ఏ దేశం నుంచి ఎందరు రావచ్చో కోటాలు పెట్టి నియంత్రించే పాత పద్ధతిని అమెరికా 1965 నాటి వలస చట్టంతో తొలగించింది. 1968లో అది పూర్తిగా అమల్లోకి వచ్చాక ఇంజినీర్లు, వైద్యులు, పై చదువుల విద్యార్థులు భారతదేశం నుంచి పెద్ద సంఖ్యలో వెళ్లసాగారు. రైతు కుటుంబంలో పుట్టిన మఫత్ కూడా ఆ ఏడాదే ఇండియానా విశ్వవిద్యాలయంలో ఎంబీఏ చదవడానికి వెళ్లారు. తరవాత షికాగో ప్రాంతంలో ఉద్యోగంలో చేరి, సోదరుడు తులసిని, ఆయన భార్య అరుణను పిలిపించుకున్నారు. బోర్డు మీద పేరు అన్నదమ్ములదే అయినా దుకాణం మొదలైనప్పుడు అందులో అరుణ కూడా ఉన్నారు. సంస్థ చరిత్రలో ఆమెకు దక్కాల్సినంత చోటు దక్కలేదు.

అప్పటికి అమెరికాలో మన దినుసులు దొరకడం అరుదు. న్యూయార్క్‌లో ఒక ఆర్మేనియన్ వలసదారు 1944లో స్థాపించిన కలుస్త్యాన్స్ లాంటి కొన్ని దుకాణాలే దిక్కు. 1980 జనాభా లెక్కల నాటికి అమెరికాలోని భారతీయులు సుమారు 3.87 లక్షలు. 2010 నాటికి వారు 28 లక్షలు దాటారు. పటేల్ బ్రదర్స్ విస్తరణకు అసలు కారణం ఈ అంకెల్లోనే ఉంది. వలసవచ్చిన కుటుంబాలు ఎక్కడ ఎక్కువగా స్థిరపడితే దుకాణమూ అక్కడికి వెళ్లింది: న్యూయార్క్‌లో జాక్సన్ హైట్స్, న్యూజెర్సీలో ఓక్ ట్రీ రోడ్, హ్యూస్టన్‌లో హిల్‌క్రాఫ్ట్.

డెవాన్ అవెన్యూ

ఈ వీధి అంతకుముందు ఎక్కువగా యూదు వ్యాపారులది. వారు శివార్లకు తరలిపోతున్న కాలంలో భారతీయులు, పాకిస్తానీయులు వచ్చి చేరారు. వీధిలో ఒక భాగానికి గాంధీ మార్గ్ అని, మరో భాగానికి ఇజ్రాయెల్ మాజీ ప్రధాని గోల్డా మేయర్ అని గౌరవ నామాలుండటానికి కారణం ఇదే. కిరాణాతో మొదలైన పటేల్ కుటుంబం ఇక్కడే విమాన టిక్కెట్లు, బట్టలు, వంటపాత్రలు, హస్తకళా వస్తువుల వ్యాపారాలకూ దిగింది. దూరం నుంచి వారాంతంలో కారేసుకుని వచ్చే కుటుంబం పప్పులు, చీర, ఊరికి వెళ్లే టిక్కెట్టు ఒకే వీధిలో చూసుకుని పోవచ్చు. కొనుగోలుదారు అవసరాన్ని ఇంత దగ్గరగా గమనించడమే ఈ వ్యాపారానికి తొలి బలం అనుకోవాలి.

సరఫరా

దుకాణాల సంఖ్య అందరికీ కనిపిస్తుంది కానీ, సంస్థను నిలబెట్టింది దిగుమతి వ్యాపారం. మఫత్ కుమారులు రాకేశ్, స్వేతల్ 1991లో రాజా ఫుడ్స్ సంస్థను ప్రారంభించారు. పప్పులు, పిండ్లు, మసాలాలు, పచ్చళ్లు, ఫ్రోజెన్ రొట్టెలు ‘స్వాద్’ పేరుతో అమ్మకానికి వచ్చాయి. ఓడలో ఒక కంటైనర్ నిండా సరుకు తెప్పించడం ఒంటరి దుకాణదారుకు భారం. డజన్లకొద్దీ దుకాణాలు ఉన్నవారికి సులువు. మధ్యవర్తి తీసుకునే లాభం కూడా ఇంట్లోనే మిగులుతుంది. కిరాణాలో లాభం శాతం ఎప్పుడూ తక్కువే కాబట్టి ఆ కాస్త తేడాతోనే మరో దుకాణం తెరవగలుగుతారు.

డబ్బు ఉన్నంత మాత్రాన అన్ని సరుకులూ తెచ్చుకోలేరు. కరివేపాకు సంగతే చూడండి. నిమ్మజాతి తోటలను నాశనం చేసే గ్రీనింగ్ తెగులును మోసే చిన్న పురుగు కరివేపాకు మొక్క మీద కూడా బతుకుతుంది. అందుకే పచ్చి కరివేపాకును విదేశాల నుంచి తేవడాన్ని అమెరికా వ్యవసాయ శాఖ అనుమతించదు. దేశంలోపల పండిన ఆకు రవాణాకూ ఆంక్షలున్నాయి. ఇక్కడ సంతలో కొసరుగా వేసే రెబ్బ అక్కడ ప్లాస్టిక్ పొట్లంలో ధర చీటీతో కనిపించడానికి కారణం ఇదే. మామిడిదీ ఇలాంటి కథే. సుమారు 18 ఏళ్ల విరామం తరవాత 2007లో భారత మామిడికి అమెరికా తలుపులు తెరిచింది, అదీ పురుగుల బెడద లేకుండా పండ్లకు రేడియేషన్ ఇవ్వాలన్న షరతుతో. విమానంలో వచ్చే ఆ పెట్టెల ఖరీదు ఎక్కువ. అయినా వేసవిలో వాటి కోసం ఎదురుచూసేవారు చాలామంది.

తెలుగువారు

మొదట్లో అమెరికాలోని భారతీయ దుకాణాల్లో గుజరాతీ, పంజాబీ వంటల సరుకే ఎక్కువ. 1990ల తరవాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పెరిగేకొద్దీ సోనామసూరి బియ్యం, గోంగూర, ఇడ్లీ రవ్వ, ఆవకాయ అరల్లోకి వచ్చాయి. 2010-2017 మధ్య అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగిందని జనగణన సమాచారం ఆధారంగా చేసిన ఒక విశ్లేషణ చెప్పింది. ఇన్ని కుటుంబాలను ఏ దుకాణదారూ విస్మరించలేడు. 2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించినప్పుడు అమెరికాలోని భారతీయ దుకాణాల ముందు బారులు తీరినవారిలో తెలుగువారు చాలామంది. కొన్నిచోట్ల మనిషికి ఇన్ని బస్తాలని పరిమితి కూడా పెట్టారు. మెతుకు కోసం అంత ఆరాటం ఎందుకని నవ్వినవాళ్లున్నారు గానీ, రోజూ అన్నం తినే ఇంటికి అది నవ్వులాట కాదు. 2024 సెప్టెంబరులో ఆ నిషేధం తొలగింది.

ఇలాంటి ఇతర సంస్థలు

కొరియా వలసదారు 1982లో న్యూయార్క్‌లో మొదలుపెట్టిన హెచ్ మార్ట్, తైవాన్ నుంచి వచ్చిన రోజర్ చెన్ 1984లో కాలిఫోర్నియాలో స్థాపించిన 99 రాంచ్ మార్కెట్ ఇలా పెరిగినవే. అవి పెద్ద సూపర్‌మార్కెట్లుగా, చేపలు, మాంసం విభాగాలతో విస్తరించాయి. పటేల్ బ్రదర్స్ శాకాహార కిరాణాకే ప్రాధాన్యమిచ్చింది. ఇప్పుడు ఇంటికే సరుకు చేర్చే ఆన్‌లైన్ సంస్థలతో పాటు, కొన్నిచోట్ల పప్పులు, మసాలాలు అమ్ముతున్న మామూలు అమెరికన్ సూపర్‌మార్కెట్లు కూడా దీనికి పోటీగా ఉన్నాయి.