పాతబస్తీ ‘చాచా’: ధ్వని, లిపి, వరస

క్యూబా నాట్యం ఒకదాని పేరు ‘చాచా’, జార్జియా సారాకూ ఆ పేరే. చార్మినార్ ఆటోస్టాండులో తెలుగువాడు "చాచా, శాలిబండ వస్తరా?" అని పిలిచేదీ ఆ మాటతోనే. ఈ మూడింటికీ చుట్టరికం లేదు. తెలుగు లిపిలో మూడూ ఒకే తీరున కనబడతాయి కాబట్టి ఉన్నట్టు తోస్తుంది, అంతే.

నాట్యం సంగతి త్వరగా ముగించవచ్చు. 1950ల మొదట్లో హవానాలో ఎన్రీకే హొర్రీన్ అనే వయొలిన్ విద్వాంసుడు కొత్త నడకలో పాటలు కట్టాడు. వాటికి ఆడేవాళ్ల బూట్లు నేలకు రాసుకున్న చప్పుడే పేరైందంటారు. అసలు పేరు ‘చా-చా-చా’. ఊనిక చివరిదాని మీద. ఇంగ్లీషు నోట ఒక ‘చా’ రాలిపోయింది.

సారా కథ ఇంకాస్త రుచికరం. జార్జియాలో ద్రాక్షపళ్లు పిండాక మిగిలే తొక్కు, గింజ, ఈనెల పిప్పిని చాచా అంటారు. దాన్నే బట్టీ పెట్టి దించిన సారాకూ అదే పేరు. 40 శాతం ఘాటు మామూలు, ఇళ్లల్లో కాచేది అంతకన్నా మండుతుంది. బతూమి రేవులో 2012లో దీని పేరిట ఒక బురుజే కట్టారు. ఎంబీబీఎస్ కోసం త్బిలిసీ వెళ్లిన తెలుగు పిల్లలు ఈ పేరు విని నవ్వుకోకుండా ఉండరు. అయితే జార్జియావాళ్ల ‘చా’ గొంతు బిగబట్టి పుటుక్కున వదిలేది, మన వర్ణమాలలో లేనిది.

మన ‘చా’ కూడా ఒక్కటి కాదు. చాప, చాలు, "చేయి చాచాడు" అన్నప్పుడు నాలుక పళ్ల దగ్గరికి వెళ్తుంది. పాత నిఘంటువులు ఆ చ మీద ౨ గుర్తు పెట్టి ౘ అని వేరుగా అచ్చువేసేవి. ఉర్దూ చాచాలో నాలుక వెనక్కి, అంగిటికి తగులుతుంది. ఆటోస్టాండులో పిలిచే తెలుగువాడు ఈ తేడాలో పొరపాటుపడడు. తర్వాత అతనే "ఛార్జీ కోసం చేయి చాచాడు" అన్నప్పుడు పలికేది వేరే చ. అచ్చులో ఆ గుర్తు పోయింది గాని, నోట్లో పోలేదు.

ఇక వరస. ఉర్దూలో చాచా అంటే తండ్రి తమ్ముడు. చాలామంది తెలుగువాళ్లకు ఈ మాట మొదట బడిలో ‘చాచా నెహ్రూ’గా పరిచయమవుతుంది. పాతబస్తీ బహదూర్‌పురాలో 1963లో తెరిచిన జంతు ప్రదర్శనశాల ఆయన పేరు మీదే ఉంది. కానీ వీధిలో చాచా వేరు. తెలుగు హిందువు సొంత బాబాయిని సాధారణంగా చాచా అనడు. చిన్నాయనో, కాకో అంటాడు. చాచా అనే పిలుపు పెద్దవయసు ముస్లిం కోసం దాచిపెట్టుకున్నది. ఆడమనిషైతే ‘ఖాలా’, అంటే తల్లి అక్కచెల్లెలు.

ఈ రెండు పిలుపులనూ తెలుగు వరసల పక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది. తెలుగు లెక్కలో బాబాయి పిల్లలు, పిన్ని పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. మేనమామ, మేనత్త పిల్లలతో పెళ్లి వరస. ముస్లిం కుటుంబాల్లో చాచా పిల్లలనూ మామూ (మేనమామ) పిల్లలనూ చేసుకోవచ్చు కనుక ఈ గీత అంత గట్టిది కాదు. చాచా, ఖాలా పిలుపులను ఉర్దూవాళ్లే ముందు వాడారు, నిజమే. అయినా తెలుగు నోటికి అవి అంత సులువుగా అబ్బడానికి కారణం, తెలుగు లెక్కలో రెండూ పెళ్లి ఊసు లేని వైపున పడటమేనని నా అభిప్రాయం. పరాయి ఇంటి పెద్దమనిషికి గౌరవమూ దక్కుతుంది, వియ్యమూ ధ్వనించదు.

హైదరాబాదు కుర్రకారు దీన్ని ‘చిచ్చా’ చేసి వయసు, మతం రెండూ చెరిపేసింది. "ఏం చిచ్చా" అంటే ఇప్పుడు తోటివాడే. ఇక పెళ్లి వరస వైపుండే ‘మామూ’కు మాత్రం పాతబస్తీలో గౌరవం అనుమానమే: ఎవడైనా మోసపోతే "మామూ బన్‌గయా" అంటారు.