బడి గడపలో అమ్మానాన్నలు

ఖాన్గీ బడుల నుంచి అమ్మ ఆదర్శ కమిటీల దాకా, బాన్సువాడ సీమలో నూరేళ్ల కథ

1923లో మంజీర మీద నిజాంసాగర్ కట్ట పనులు మొదలయ్యాయి. నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ల నడుమ లేచిన ఆ ఆనకట్ట 1931 నాటికి పూర్తయింది. 2.75 లక్షల ఎకరాలకు నీళ్లందించాలని తలపెట్టిన ప్రాజెక్టు అది. కాలువల వెంట బాన్సువాడ, బోధన్ తాలూకాల తలరాతే మారింది. కోస్తా నుంచి రైతులు తరలివచ్చి క్యాంపులు వేసుకున్నారు. చెరకు పెరిగింది, వరి పెరిగింది.

ఈ కథ అందరూ చెప్పుకునేదే. కట్ట పనులు సాగుతుండగానే, 1924లో, హైదరాబాద్ సర్కారు తెచ్చిన మరో నిబంధనను మాత్రం తక్కువ మంది తలుచుకుంటారు. ఖాన్గీ బడి, అంటే ప్రైవేటు బడి పెట్టాలంటే సర్కారు అనుమతి ఉండి తీరాలి. పొలానికి నీళ్లిచ్చిన ఏలుబడే, ఊరు తన పిల్లలకు తానే చదువు చెప్పించుకుంటానంటే అర్జీ పెట్టుకొమ్మంది.

అరుగు మీది చదువు

ఆ రోజుల్లో పల్లెల్లో సర్కారు బడులు అరుదు. ఊళ్లో నలుగురు కూడి ఒక పంతుల్ని పిలిపించుకునేవాళ్లు. గుడి మంటపంలోనో, మోతుబరి ఇంటి అరుగు మీదో బడి సాగేది. కొందరు నెలకింత అని ఇచ్చేవాళ్లు, కొందరు కోతలప్పుడు గింజలు కొలిచేవాళ్లు. ఇసుకలో అక్షరాలు దిద్దించడం, ఎక్కాలు వల్లె వేయించడం, పెద్దబాలశిక్ష చదివించడం, వీధిబడి చదువంటే ఇంతే. కన్నవాళ్లకూ పంతులుకూ నడుమ ఏ దఫ్తరూ లేదు. చదువు సరిగ్గా చెప్పడం లేదనిపిస్తే గింజలు ఆగిపోయేవి.

అయితే ఆ అజమాయిషీ ఇచ్చుకోగలిగిన వాళ్లదే. మాల, మాదిగ వాడల పిల్లలకు ఆ అరుగు ఎక్కే వీలు లేదు. ఆడపిల్లల్ని పంపే ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. బడి మీద కన్నవాళ్ల మాట చెల్లడమన్నది మన దగ్గర కొందరు కన్నవాళ్లతోనే మొదలైంది. ఆ తర్వాతెప్పుడో వచ్చిన విద్యాహక్కు చట్టం సగం స్థానాలు ఆడవాళ్లకు, బడుగు వర్గాలకు వాళ్ల వాటా అని ప్రత్యేకంగా రాయవలసి వచ్చింది అందుకే.

ఇక సర్కారు బడిలో కాస్త పై తరగతికి వెళ్తే చదువు ఉర్దూలో. 1918లో స్థాపించిన ఉస్మానియా, ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పిన తొలి విశ్వవిద్యాలయంగా పేరు తెచ్చుకుంది. కానీ ఆ భాష తెలంగాణ పల్లెల్లో ఎక్కువ ఇళ్లలో వినిపించేది కాదు. బాన్సువాడ నుంచి పిట్లం, బిచ్కుంద, మద్నూర్ల మీదుగా పడమటికి పోతే తెలుగుతో పాటు మరాఠీ, కన్నడం వినిపిస్తాయి. తండాల్లో లంబాడీ. ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలకు బడి భాషా ఇంటి భాషా ఒకటే. మిగతా వాళ్లు రెండో భాషలో అక్షరాలతో కుస్తీ పట్టాల్సిందే.

సరిగ్గా ఆ కాలంలోనే ప్రపంచానికి ఆవలి కొసన ఇదే తగవు న్యాయస్థానానికి ఎక్కింది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం చిన్న తరగతుల్లో ఇంగ్లిష్ కాని భాషలు నేర్పరాదని చట్టం చేసింది. పదేళ్ల పిల్లవాడికి జర్మన్ పాఠం చెప్పిన రాబర్ట్ మేయర్ అనే ఉపాధ్యాయుడికి శిక్ష పడింది. 1923 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. పిల్లలకు ఏం నేర్పించాలన్న దాంట్లో తల్లిదండ్రులకున్న స్వేచ్ఛకు రాజ్యాంగ రక్షణ ఉందని చెప్పింది. నిజాం రాజ్యంలో అలాంటి రాజ్యాంగం లేదు, తలుపు తట్టడానికి అలాంటి కోర్టూ లేదు. జనానికి మిగిలిన దారి సభ పెట్టుకుని తీర్మానం చేయడమే.

తీర్మానాల దశాబ్దం

1930 మార్చిలో మంజీర సీమలోనే ఉన్న జోగిపేటలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. గోలకొండ పత్రిక సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. దానికి తోడుగా నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళాసభ కూడా జరిగింది. 1937లో ఆరో సభ నిజామాబాద్‌కు వచ్చింది. అధ్యక్షత వహించింది మందుముల నరసింగరావు. ఆయన ఉర్దూ పత్రిక 'రయ్యత్' సంపాదకుడు కావడం గమనించాలి. ఉర్దూ భాషతో ఎవరికీ పేచీ లేదు. పిల్లవాడి చదువు ఏ భాషలో సాగాలో ఇంటిని అడగకుండా తేల్చడంతోనే పేచీ. మాతృభాషలో బోధన, నిర్బంధ ప్రాథమిక విద్య, ఖాన్గీ బడుల మీద ఆంక్షల ఎత్తివేత: మహాసభ మళ్లీ మళ్లీ కోరినవి ఇవే.

కోరడంతో ఆగని వాళ్లూ ఉన్నారు. మాడపాటి హనుమంతరావు 1928లో హైదరాబాద్ నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల పెట్టించారు. నిజాం విద్యాశాఖ గుర్తింపు దొరక్కపోతే పుణెలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయంతో అనుబంధం తెచ్చుకున్నారు. ఇక్కడి సర్కారు ఒప్పుకోని చదువు కోసం ఆడపిల్లల తల్లిదండ్రులు పొరుగు రాష్ట్రపు పరీక్షను నమ్ముకున్నారు.

జరిమానా నుంచి కమిటీ దాకా

1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. ఊరూరా సర్కారు బడి వచ్చింది. జాగా ఇచ్చింది ఊరు, శ్రమదానం చేసింది ఊరు. కానీ గేటు లోపల కన్నవాళ్లకు పని లేకుండా పోయింది. చట్టాల్లో వాళ్ల ప్రస్తావన ఉంది గానీ అది దోషులుగా. గోఖలే 1911లో ఇంపీరియల్ శాసనమండలిలో పెట్టిన నిర్బంధ విద్య బిల్లు మొదలు, స్వాతంత్ర్యం తర్వాతి రాష్ట్ర చట్టాల దాకా, పిల్లల్ని బడికి పంపని తల్లిదండ్రులకు జరిమానా ఉండేది. పంపిన వాళ్లకు ఏ హక్కు ఉందో మాత్రం ఎక్కడా కనిపించదు.

పేదవాళ్లకు చదువంటే పట్టదన్న నమ్మకం ఈ చట్టాల పునాది. దాన్ని తెలంగాణ నేల మీదే తప్పని చూపించింది శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్. రంగారెడ్డి జిల్లాలో పశువుల వెంట, పత్తి చేలల్లో ఉన్న పిల్లల్ని ఆ సంస్థ బడికి మళ్లించింది. బడి తలుపు నిజంగా తెరిస్తే కూలి ఇళ్ల వాళ్లు కూడా పిల్లల్ని పనికి కాకుండా చదువుకే పంపుతారని ఆ అనుభవం తేల్చింది. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది.

ఈలోగా 1998లో ఆంధ్రప్రదేశ్ ఒక కొత్త చట్టం చేసింది. పాఠశాల విద్యలో సమాజ భాగస్వామ్యాన్ని పేరులోనే పెట్టుకున్న ఆ చట్టంతో తల్లిదండ్రులు ఎన్నుకునే పాఠశాల కమిటీలు పుట్టాయి. జన్మభూమి కార్యక్రమం సాగుతున్న రోజులవి. అదనపు గదులు కట్టించే పని, వలంటీర్లను పెట్టుకునే పని కమిటీలకు వచ్చాయి. సిమెంటు బస్తాల లెక్క రాసుకునే కమిటీకి, మూడో తరగతి పిల్లవాడు కూడికలు ఎందుకు చేయలేకపోతున్నాడని అడిగే తీరిక దొరకలేదు.

చట్టంలో ఉన్నది, ఊళ్లో ఉన్నది

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం లెక్క మార్చింది. 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, మొత్తంలో సగం ఆడవాళ్లు. మన రాష్ట్ర నిబంధనల్లో తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకోవాలని ఉంది. అంటే ఐదు తరగతుల ప్రాథమిక పాఠశాలకు పదిహేను మంది. ఛైర్‌పర్సన్ వాళ్లలోంచే. ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్. తల్లిదండ్రులకు జరిమానా అన్న మాట ఆ చట్టంలో లేదు.

కమిటీ బయటి తల్లిదండ్రులకూ ఆ చట్టంలో దన్ను ఉంది. పిల్లవాణ్ని కొడితే 17వ సెక్షన్ అడ్డం వస్తుంది. పుట్టిన తేదీ కాగితం లేదని చేర్చుకోకపోతే 14వ సెక్షన్. వలస కూలీలు పనుల కోసం ఊరు మారినప్పుడు బదిలీ పత్రం వెంటనే ఇవ్వాలని 5వ సెక్షన్. ఫిర్యాదు తీసుకుని విచారించాల్సిన బాధ్యత స్థానిక సంస్థదని 32వ సెక్షన్.

ఇక ఊళ్లో సంగతి. వానాకాలం నాట్లు పడే రోజుల్లో కమిటీ సమావేశం పదకొండు గంటలకు అంటే ఎవరొస్తారు? పొద్దు పొడవకముందే ఆడవాళ్లు మడిలో దిగుతారు, కైకిలి పోగొట్టుకుని బడికి రాలేరు. కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల్లో బీడీలు చుట్టే తల్లులకైతే గంట కూర్చున్నా ఆ రోజు లెక్క తగ్గుతుంది. అందుకని తీర్మానాల పుస్తకం ఇళ్లకే వెళ్తుంది. 'ఈడ పెట్టమ్మా' అంటే తల్లి సంతకం పెడుతుంది, రాకపోతే వేలిముద్ర వేస్తుంది. పైన ఏం రాసి ఉందో చదివి వినిపించే వాళ్లుండరు. 2011 జనగణనలో పాత నిజామాబాద్ జిల్లా అక్షరాస్యత 61 శాతం చుట్టూ ఉంది. అప్పటి చదువురాని అమ్మాయిల్లో చాలామంది ఇప్పుడు బడి పిల్లల తల్లులు.

ఈ సీమలో కథకు ఇంకో మెలిక ఉంది. పాత నిజామాబాద్ జిల్లా పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీ మాటకు ఎదురు లేదు. వీడీసీ అని పిలిచే ఈ కమిటీలు చందాలు వసూలు చేస్తాయి, గుడి కడతాయి, తగవులు తీరుస్తాయి. మాట వినని కుటుంబాలకు జరిమానాలు, సాంఘిక బహిష్కరణలు విధించి కేసుల్లో ఇరుక్కున్న చరిత్ర కూడా వాటికుంది. బడికి వలంటీరు జీతం కావాలన్నా, ప్రహరీకి డబ్బు కావాలన్నా పెద్దసారు చాలాచోట్ల మొదట వెళ్లేది వాళ్ల దగ్గరికే. అందులో కూర్చునేది పలుకుబడి ఉన్న మగవాళ్లు. చట్టం బలం ఉన్న తల్లుల కమిటీకి ఊళ్లో బలం లేదు. ఊళ్లో బలం ఉన్న కమిటీకి చట్టం లేదు. వందేళ్ల కిందటి మోతుబరి అరుగు ఇంకా పూర్తిగా ఖాళీ కాలేదు.

కాళ్లతో వేసిన ఓటు

మాట చెల్లని చోట నుంచి జనం తప్పుకుంటారు. రెండున్నర దశాబ్దాలుగా జరిగింది ఇదే. పొద్దున్నే పల్లెల నుంచి పట్నం దిక్కు పోయే పసుపు బస్సులు తల్లిదండ్రులు ఇచ్చిన తీర్పు. కౌలు రైతైనా, ఆటో డ్రైవరైనా అప్పు చేసి ఫీజు కట్టారు, ముఖ్యంగా ఇంగ్లిష్ మీడియం కోసం.

ఆ తీర్పును ప్రభుత్వాలు ఆలస్యంగా చదివాయి. ఆంధ్రప్రదేశ్ 2019 నవంబరులో సర్కారు బడుల్ని ఇంగ్లిష్ మీడియానికి మార్చాలని జీవో తెచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. మాధ్యమాన్ని ఎంచుకునే హక్కు పిల్లలదీ తల్లిదండ్రులదీ అన్న సుప్రీంకోర్టు 2014 తీర్పు హైకోర్టు నిర్ణయానికి అండ. దాంతో ప్రభుత్వం తల్లిదండ్రుల ఐచ్ఛికాలు సేకరించింది. 96 శాతానికి పైగా ఇంగ్లిషే కావాలన్నారని ప్రకటించింది. తెలంగాణ 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టింది. అంతకుముందే, 2018లో, అన్ని బడుల్లో తెలుగు నేర్పడం తప్పనిసరి చేసింది.

జోగిపేట, నిజామాబాద్ సభలు అమ్మభాష కావాలన్నాయి, ఆ సభలకు వచ్చినవాళ్ల మునిమనవల తల్లిదండ్రులు ఇంగ్లిష్ కావాలంటున్నారు. పైకి ఇది తలకిందులైన కోరికలా కనిపిస్తుంది. నిజానికి ఏ తరమైనా తన పిల్లలు ముందుకు పోయే దారి వైపే చూసింది. ఆనాడు ఉర్దూ ఆ దారికి అడ్డం నిలిచిందనిపించింది, ఈనాడు ఇంగ్లిష్ లేకపోవడం అడ్డమనిపిస్తోంది. రెండుసార్లూ తల్లిదండ్రుల్ని అడగాల్సిన రెండో ప్రశ్న ఎవరూ అడగలేదు: ఆ భాషలో మీ పిల్లలకు పాఠం అర్థమవుతోందా?

పని వచ్చినప్పుడే పిలుపు

2022 మార్చి 8న వనపర్తిలో ప్రారంభమైన 'మన ఊరు-మన బడి' 26,065 బడులను 7,289 కోట్ల రూపాయలతో బాగుచేస్తామంది. పనులు యాజమాన్య కమిటీల ద్వారానే. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారాక, 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు వాటికి అధ్యక్షురాలు. తాగునీరు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతులు వాళ్లకు అప్పగించారు. పొదుపు సంఘాల్లో లెక్కలు రాసి, బ్యాంకు మెట్లెక్కి రాటుదేలిన ఆడవాళ్లు బడిలోకి రావడం మంచిదే. పిలిచిన పని మాత్రం మళ్లీ నల్లా, సున్నం, కరెంటు తీగే.

జాగా కావాలన్నా, శ్రమదానమన్నా, సిమెంటన్నా, సంతకమన్నా తల్లిదండ్రుల్ని పిలుస్తూనే ఉన్నారు. చదువు సంగతికి మాత్రం పిలిచింది తక్కువ. ఆ దారి చట్టంలో లేకపోలేదు, 22వ సెక్షన్‌లో ఉంది. ప్రతి కమిటీ మూడేళ్లకు పాఠశాల అభివృద్ధి ప్రణాళిక రాయాలి. ఏ తరగతిలో ఎంతమంది పిల్లలుంటారు, ఎందరు ఉపాధ్యాయులు తక్కువ, ఏ గదులు కావాలి అన్నీ అందులో ఉండాలి. ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే, అంటే డిసెంబరు చివరికల్లా, అది తయారవ్వాలి. ఆపైన దాని ఆధారంగానే నిధులివ్వాలి.

యాసంగి నాట్లు ముమ్మరం కాకముందే వచ్చే నెల అది. సమావేశాన్ని పొద్దుగూకినాక పెడితే సగం చిక్కు తీరుతుంది. మిగతా సగానికి తల్లులు పట్టుబట్టాల్సినవి రెండు. పుస్తకం ఇంటికి వస్తే ముందు మొత్తం చదివి వినిపించమనాలి. మూడో తరగతిలో ఎందరు తడుముకోకుండా చదువుతున్నారో ప్రణాళికలో ఒక వరుస రాయమనాలి. ఆ వరుస చేరేదాకా సంతకం ఆపే హక్కు వాళ్లకుంది.