క్యాసెట్టులో ఉత్తరం, టీవీలో పేజీలు

కిందటేడు ఎగైలాలోనే ఒక ఫ్లాట్ నుంచి ఇంకో ఫ్లాట్‌కి సామాను మారుస్తుంటే, బీరువా మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా కనిపించింది. అందులో మూడు ఆడియో క్యాసెట్లు, ఒక వీడియో టేపు, ఒక పెన్సిలు ఉన్నాయి. పెన్సిలు ఎందుకో నలభై దాటిన పాఠకులకు చెప్పనక్కరలేదు. మిగిలినవారి కోసం: క్యాసెట్టు చక్రం మధ్యలో పెన్సిలు దూర్చి తిప్పితే, బయటికి వేలాడే టేపు మళ్ళీ లోపలికి చుట్టుకుంటుంది. ఆ రోజుల్లో ప్రతి ఇంట్లోనూ ఇదే రిపేరు!

ఒక క్యాసెట్టు మీద మా తమ్ముడి చేతిరాత: "1994 సంక్రాంతి. అమ్మ." మా అమ్మకు చదువు రాదు. ఉత్తరం రాయాలంటే ఎవరినో బతిమాలాలి. రాసిపెట్టేవాడి ముందు మనసులోని మాట చెప్పలేదు. క్యాసెట్టు వచ్చాక ఆ ఇబ్బంది పోయింది. "నాయనా, బాగుండావా? అన్నం సరిగా తింటాండావా?" అని మొదలుపెట్టి, అరగంటకు ఒక వైపు అయిపోయేదాకా ఆపేది కాదు. వెనకాల కోడి కూత, రాజంపేట బస్సు హారను, మధ్యలో మా జేజి దగ్గు... అన్నీ అందులో ఉన్నాయి.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ డబ్బానే. మనలో చాలామంది ఇళ్ళల్లో ఇలాంటి డబ్బా ఒకటి ఉంటుంది. లోపల ఉన్నదానికి ఇంకో కాపీ ఎక్కడా ఉండదు.

గల్ఫ్ వాళ్ళ మాటల ఉత్తరాలు

ఆడియో క్యాసెట్టును ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటికి తెచ్చింది. చాలామందికి అది పాటల కోసం. మనకు మాత్రం అది పోస్టు కూడా. అరవై నిమిషాల క్యాసెట్టుకు రెండు వైపులా చెరి ముప్పై నిమిషాలు. అంతర్జాతీయ ఫోనుకు నిమిషాలు లెక్కపెట్టుకుని మాట్లాడే కాలంలో గంటసేపు మాట్లాడుకోగలగడం చిన్న సంగతి కాదు. ఊరికి వెళ్ళే మనిషి చేతికి క్యాసెట్టు ఇస్తే, అతను తిరిగొచ్చేటప్పుడు జవాబు తెచ్చేవాడు. విన్న క్యాసెట్టు మీదే మళ్ళీ జవాబు రికార్డు చేసి పంపినవాళ్ళు ఎందరో! పొదుపు మంచిదే కానీ, ఎన్ని గొంతులు అలా చెరిగిపోయాయో.

ఉమ్మడి కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి కువైట్ వచ్చిన ఆడవాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. పసిపిల్లను అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చిన తల్లికి, ఆ పిల్ల ముద్దు ముద్దు మాటలు వినే దారి ఇదొక్కటే.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు, సుమారు 1,70,000 మంది భారతీయులు ఇక్కడినుంచి ఖాళీ అయ్యారు. ఎక్కువమంది ఇరాక్ మీదుగా అమ్మాన్ చేరి, అక్కడినుంచి ఎయిరిండియా విమానాల్లో బొంబాయి వెళ్ళారు. చేతి సంచీతో వెళ్ళినవాళ్ళు టీవీ, టేప్ రికార్డర్ సంగతి ఎలా చూస్తారు? అందుకే 1990కి ముందు ఊరినుంచి ఇక్కడికి వచ్చిన క్యాసెట్టు ఏదైనా మీ దగ్గర ఉంటే, అది చాలా అరుదైనది. ఇక్కడినుంచి ఊరికి పంపినవి అక్కడి పెట్టెల్లో ఉండే అవకాశం ఎక్కువ. ఈసారి సెలవుకు వెళ్ళినప్పుడు వెతకండి.

కువైట్ వీసీఆర్ కడపలో ఎలా పనిచేసింది?

వీ.హెచ్.ఎస్. పద్ధతిని జపాన్‌లో జేవీసీ 1976లో తెచ్చింది. గల్ఫ్ నుంచి సెలవుకు వచ్చినవాడి పెట్టెలో టూ-ఇన్-వన్ తర్వాత గౌరవస్థానం వీసీఆర్‌దే. దానికి ఒక సాంకేతిక కారణం ఉంది. కువైట్‌లోనూ ఇండియాలోనూ టీవీ పద్ధతి 'పాల్'. కరెంటు కూడా రెండు చోట్లా 50 సైకిల్స్, వోల్టేజీ దాదాపు ఒకటే. ప్లగ్గు మార్చుకుంటే చాలు. అమెరికా అన్నయ్య పంపిన పెళ్ళి టేపు మాత్రం ఊళ్ళో ఆడేది కాదు. అక్కడిది 'ఎన్.టి.ఎస్.సి'. గల్ఫ్ దుకాణాల్లో 'మల్టీ సిస్టమ్' వీసీఆర్లకు అంత గిరాకీ ఉండడానికి కారణం ఇదే. పక్కనున్న సౌదీలో 'సెకామ్' పద్ధతి కూడా ఉండేది మరి.

ఈ-180 అని రాసి ఉండే టేపులో మూడు గంటలు పడుతుంది. మన తెలుగు సినిమాకు కొలిచి చేసినట్టు ఉండేది!

టెక్స్ట్ బటన్ కథ

ఇక్కడినుంచి నేను పట్టుకెళ్ళిన టీవీ రిమోట్ మీద 'టెక్స్ట్' అని ఒక బటన్ ఉండేది. మా ఊళ్ళో అది నొక్కితే తెర నల్లబడి, మూలన 100 అని అంకె కనిపించేది. అంతే. "ఇది దేనికి అన్నా?" అని అడిగినవాళ్ళకు నేనేదో పెద్దగా తెలిసినట్టు చెప్పేవాణ్ణి కానీ, నాకూ తెలియదు.

ఆ తర్వాత తెలుసుకున్నది ఇది. దాని పేరు టెలిటెక్స్ట్. బ్రిటన్‌లో బీబీసీ 1974 సెప్టెంబరు 23న 'సీఫ్యాక్స్' పేరుతో మొదలుపెట్టింది. పాల్ టీవీ బొమ్మ 625 గీతలు. వాటిలో కొన్ని బొమ్మకు పనికిరాక ఖాళీగా పోతాయి. ఆ ఖాళీ గీతల్లో అక్షరాలను సంకేతాలుగా పంపించారు. వరసకు 40 అక్షరాల పేజీలు. వార్తలు, వాతావరణం, స్కోర్లు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి. మీరు మూడంకెల నంబరు నొక్కితే, ఆ పేజీ మళ్ళీ తన వంతు వచ్చేదాకా టీవీ కాచుకుని పట్టుకుంటుంది. మీరు అడిగిన సంగతి స్టేషనుకు తెలియనే తెలియదు! 888 నొక్కితే సబ్ టైటిల్స్. లండన్‌లో ఉన్న మనవాళ్ళకు ఇదంతా బాగా గుర్తుంటుంది. 2012 అక్టోబరు 23న సీఫ్యాక్స్ ఆగిపోయింది. నెదర్లాండ్స్, జర్మనీలలో టెలిటెక్స్ట్ ఇంకా నడుస్తోంది.

మన దూరదర్శన్ కూడా 1985లో ఢిల్లీలో 'ఇన్‌టెక్స్ట్' పేరుతో ఇది ప్రారంభించింది. మా ఊరి దాకా మాత్రం అందలేదు.

డబ్బాలో ఉన్నవాటిని ఏం చేయాలి?

తొందరపడి ప్లేయర్లో పెట్టకండి. నేను ఆ తప్పు చేశాను. ఒక దుకాణంలో ఇస్తే, అతను దుమ్ము పట్టిన మెషీన్‌లో వేసి నొక్కాడు. టేపు చుట్టుకుపోయి, అమ్మ మాటల్లో ఓ నాలుగు వాక్యాలు నలిగిపోయాయి. జేజి దగ్గు ఉన్న చోటు కూడా అదే.

ముందు క్యాసెట్టు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలక విరిచేయండి. అప్పుడు పొరపాటున కూడా దానిమీద రికార్డు కాదు. టేపు అంచున తెల్లటి బూజు ఉంటే ఆడించవద్దు, అది మెషీన్‌కీ, దానినుంచి తర్వాతి టేపుకీ అంటుకుంటుంది. ప్లేయర్ హెడ్ శుభ్రం చేసి, పనికిరాని టేపు ఒకటి వేసి చూసుకున్నాకే అసలుది పెట్టాలి. టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్ళీ వెనక్కి చుట్టాలి. క్యాసెట్టు లోపల టేపును ఒత్తిపట్టే చిన్న మెత్త ఊడిపోతే, టేపు చుట్లను స్క్రూలున్న వేరే పెట్టెలోకి మార్చవచ్చు. ప్లేయర్ నుంచి కంప్యూటర్‌కు ఒక వైరు, ఉచితంగా దొరికే ఆడాసిటీ ఉంటే ఆడియో ఇంట్లోనే ఎక్కించుకోవచ్చు. మొదటి కాపీని 'వేవ్' ఫైలుగా దాచండి, ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు.

వీడియోకు అసలు చిక్కు మెషీన్‌తోనే. చివరగా వీసీఆర్లు తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడు దొరికేవన్నీ వాడినవే, ఏడాదికేడాది తగ్గేవే. ఎక్కించేటప్పుడు పాల్ అని ఎంచుకోవడం మర్చిపోవద్దు. లేకపోతే బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తుంది.

ఇంకొకటి. టెలిటెక్స్ట్ ఉన్న ఛానల్ నుంచి రికార్డు చేసిన టేపులో ఆ పేజీలు కూడా మసగ్గా పడి ఉంటాయి. టీవీ వాటిని చదవలేదు కానీ, ఒకే పేజీ పదే పదే వచ్చిన ముక్కలను కలిపి తిరిగి రాబట్టే సాఫ్ట్‌వేర్ ఉత్సాహవంతులు తయారుచేశారు. మామూలుగా కంప్యూటర్‌కు ఎక్కిస్తే ఆ గీతలు పోతాయి. అందుకని ఎక్కించాక కూడా అసలు టేపు పారేయకండి.

మా డబ్బాలోని వీడియో టేపు మీద ఏమీ రాసి లేదు. ఎగైలాలో ఒక మిత్రుడి దగ్గర పనిచేసే వీసీఆర్ ఉందట. హెడ్ కడగడానికి స్పిరిట్ తెచ్చి పెట్టాను.