నడుము నెలవు

మానవ శరీరమున నడుము ఒక విచిత్రమైన భాగము. పైన ప్రక్కటెముకల గూడు, క్రింద తుంటి యెముకల కోట. ఆ రెంటి నడుమ వెన్నెముక యొక్కటే ఆధారము. ఎముకల రక్షణ లేకుండుటచేతనే నడుము బిగించినచో బిగియును, వదలినచో సడలును. ఈ మెత్తదనమే యూరపు స్త్రీలను చిరకాలము బాధల పాలుచేసినది.

అచ్చటి సంపన్న స్త్రీలు తిమింగిలపు నోటిపలకలు కూర్చి కుట్టిన బిగువు కవచములను శతాబ్దముల తరబడి ధరించిరి. అవి ప్రక్కటెముకలను లోనికి నొక్కివేయునని జర్మను శరీరశాస్త్రజ్ఞుడు జొమ్మెరింగ్ 1793లో బొమ్మలతో సహా గ్రంథము ప్రకటించెను. ఆ కాలముననే, ఫ్రెంచి విప్లవానంతరము, ప్రాచీన గ్రీకుల వేషముపై మోజు హెచ్చి, దుస్తులలో నడుము రొమ్ముల క్రిందికి ఎగబ్రాకెను. ఊపిరి సలుపుకొనుటకు స్త్రీలకు కొంత వెసులుబాటు దొరకెను.

అది ఎక్కువ కాలము నిలువలేదు. 1820 తరువాత నడుము మరల స్వస్థానమునకు దిగినది. 1828 ప్రాంతమున, త్రాళ్లు దూర్చు రంధ్రములకు లోహపు వలయములు అమర్చు పద్ధతి వచ్చెను. గుడ్డ చిరుగునను భయము పోవుటచే త్రాళ్లను ఇంకను బిగింప వీలయ్యెను. పిమ్మట కుట్టుయంత్రములు రాగా ఈ కార్సెట్లు చవుకయై పనిపాటల స్త్రీలకును అందెను. 1881లో లండనునందు ఏర్పడిన వస్త్రధారణ సంస్కరణ సంఘము, స్త్రీల లోదుస్తుల బరువు మొత్తము 7 పౌనులకు మించరాదని కోరెను. మూడు కిలోలకు పైబడిన ఈ బరువే సంస్కరణమైనచో, అంతకు మునుపటి భారమును శ్రోతలు ఊహింపగలరు.

20వ శతాబ్దపు తొలిదినములలో పారిస్ దర్జీ పోల్ పువారే కార్సెట్టు లేని దుస్తులు రూపొందించెను. 1920 తరువాత నడుము తుంటిమీదికి జారెను. 1947 ఫిబ్రవరి 12న క్రిస్టియన్ డియోర్ దానిని మరల సన్నముగా బిగించెను. బ్రిటనులో బట్టకు రేషను ఇంకను తొలగని రోజులవి.

మన చీరకు ఇట్టి నిర్బంధము లేదు. కుచ్చెళ్లు ఎచ్చట దోపవలెనో, ఎంత బిగువుగా దోపవలెనో కట్టుకొను స్త్రీయే నిర్ణయించుకొనును. అయినను సన్నని నడుమును పొగడుటలో మన కవులు ఎవరికిని తీసిపోలేదు.

నేడు టేపును వైద్యుడును చేతబట్టెను. చివరి ప్రక్కటెముకకును తుంటి యెముక పై అంచునకును సరిగా మధ్యభాగమున, మెల్లగా శ్వాస విడిచిన పిమ్మట కొలువవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. దక్షిణాసియా వారిలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో మధుమేహము, గుండెజబ్బుల విషయమున జాగ్రత్త వహింపవలెను. ఉదరమున పేరుకొను కొవ్వు మనవారికి తక్కువ చుట్టుకొలతలోనే కీడు చేయుట ఇందుకు కారణము.

దర్జీ కొలిచిన నడుము కాలమునుబట్టి పైకి క్రిందికి కదలినది. వైద్యుని నడుమునకు ఎముకలే గుర్తులు గనుక దానికి కదలిక లేదు. పురుషులును తప్పక కొలుచుకొనవలసినది ఈ రెండవ దానినే.