కట్టేసిన వాల్వుల కథ

మొన్నామధ్య అర్ధరాత్రి రెండింటికి ప్రొడక్షన్ సర్వర్ నుంచి ఒకటే అలర్టులు. డిస్క్ నిండిపోతోందట. పొద్దున్న చూద్దాంలే అని మ్యూట్ చేసి పడుకున్నా. పొద్దున్నకి ఏమైందో మీకు చెప్పక్కర్లేదు. ఆర్‌సీఏలో కారణం దగ్గర "హ్యూమన్ ఎర్రర్" అని రాసి టికెట్ మూసేశారు. ఆ సాయంత్రం వంటింట్లో కుక్కర్ కూత వింటుంటే, నాలాంటివాళ్ళు ఆవిరి యంత్రాల రోజుల నుంచీ ఉన్నారు కదా అనిపించింది.

ఆ కుక్కర్ కథ 1679లో మొదలైంది. డెనీ పాపిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఎముకల్ని కూడా మెత్తగా ఉడికించే పాత్రని లండన్‌లో రాయల్ సొసైటీ వాళ్ళకి చూపించాడు. మూత బిగించిన పాత్రలో ఆవిరి పెరిగితే పేలిపోతుంది కదా, దానికి ఆయన వేసిన ఉపాయం చాలా తేలిక. మూతకి ఒక రంధ్రం, దానిమీద బిరడా, బిరడాని నొక్కిపట్టే కడ్డీ, కడ్డీకి వేలాడే బరువు. లోపలి ఒత్తిడి మించితే బిరడా లేస్తుంది, తగ్గితే మళ్ళీ కూర్చుంటుంది. మనిషితో పనిలేదు. మన కుక్కర్ వెయిట్ చేసేదీ ఇదే. ఫ్యాక్టరీల్లో బాయిలర్ల మీద, పైపుల మీద ఉండే సేఫ్టీ వాల్వులదీ ఇదే సూత్రం. చాలావాటిలో బరువు బదులు స్ప్రింగు ఉంటుంది, అంతే తేడా.

చిక్కల్లా మనుషులతోనే వచ్చింది. 1803లో లండన్ దగ్గర గ్రీనిచ్‌లో రిచర్డ్ ట్రెవితిక్ తయారుచేసిన హై ప్రెషర్ ఇంజనొకటి పనిచేస్తోంది. దాన్ని చూసుకోవాల్సిన కుర్రాడు ఒక కూలీకి అప్పజెప్పి చేపలు పట్టుకోడానికి పోయాడు. ఇంజను మరీ జోరుగా తిరుగుతోందని కూలీ దాన్ని ఆపేశాడు గానీ, వాల్వు కడ్డీని బిగించిన స్పానర్ మాత్రం తియ్యలేదు. ఆవిరి పోయే దారిలేక బాయిలర్ పేలింది. నలుగురు చనిపోయారు.

1831లో అమెరికాలో 'బెస్ట్ ఫ్రెండ్ ఆఫ్ చార్లెస్టన్' అనే రైలింజనుదీ ఇదే కథ. ఆవిరి బుస భరించలేక ఫైర్‌మన్ సేఫ్టీ వాల్వుని మూసిపెట్టాడని చెబుతారు. ఇంజను పేలిపోయింది, అతని ప్రాణం పోయింది.

ట్రెవితిక్ కూడా కుర్రాడి సంగతి ఉత్తరంలో రాశాడు. కానీ అక్కడితో ఆగిపోలేదు. బాయిలర్‌కి రెండో వాల్వు పెట్టాడు, అది పనివాడి చేతికి అందదు. నీళ్ళు తగ్గి బాయిలర్ వేడెక్కితే కరిగి ఆవిరిని వదిలేసే సీసపు బిరడా కూడా పెట్టాడు. మన కుక్కర్ మూతమీద, వెయిట్ పనిచెయ్యకపోతే కరిగే సేఫ్టీ ప్లగ్గు ఉంటుంది చూడండి, అది దీని మనవడే. తర్వాత 1850ల్లో జాన్ రామ్స్‌బాటమ్ ఇంకో అడుగు ముందుకేశాడు. ఆయన వాల్వు కడ్డీని డ్రైవరు పైకి లాగినా, కిందికి నొక్కినా ఆవిరి బయటికి పోవడమే తప్ప, వాల్వు బిగుసుకోదు.

ఇవన్నీ పాతకాలం సంగతులు అనుకుంటున్నారా? 1979 మార్చి 28న అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒత్తిడి పెరిగి ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుంది. మళ్ళీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూంలో దీపం మాత్రం ఆరిపోయింది, అంటే మూసుకున్నట్టే లెక్క. అసలు సంగతేమిటంటే, ఆ దీపం చెప్పేది "మూసుకో అని ఆదేశం వెళ్ళింది" అని మాత్రమే. వాల్వు నిజంగా మూసుకుందో లేదో దానికి తెలీదు. రెండు గంటలకి పైగా చల్లబరిచే నీళ్ళు కారిపోయాయి, రియాక్టర్ కోర్ సగం దాకా కరిగింది. రిక్వెస్ట్ పంపేసి, రెస్పాన్స్ చూడకుండా "సక్సెస్" అని ప్రింట్ చేసే కోడ్ మనలో ఎవరు రాయలేదు చెప్పండి?

నా తప్పు లేదని అనడం లేదు. మ్యూట్ చేసింది నేనే. కానీ "హ్యూమన్ ఎర్రర్" అన్నచోట విచారణ ఆగిపోతే, రేపు ఇంకొకడు నిద్రమత్తులో అదే పని చేస్తాడు. అందుకే ఆ మర్నాడు రెండో అలర్టు పెట్టాను. అది ఇంకొకరి ఫోనుకి పోతుంది. దాన్ని నేను మ్యూట్ చెయ్యలేను.